తొట్టి నీళ్లు మార్చిన మూడో రోజు

పండక్కి ఇల్లు కడుగుతూ, పనిలో పనిగా పెరట్లో చేపల తొట్టి కూడా ఖాళీ చేసేస్తారు చాలామంది. చేపల్ని బకెట్లలోకి పట్టి, గోడలకున్న పాచి అంతా బ్రష్షుతో గీకి, కాస్త బ్లీచింగ్ పౌడరు చల్లి తోమి, కుళాయి తిప్పి నిండా నింపి మళ్లీ వదిలేస్తారు. ఆ సాయంత్రం చేపలు బాగానే తిరుగుతాయి. మర్నాడు మేత ముట్టవు. మూడో రోజో నాలుగో రోజో ఒకటొకటిగా పక్కకి ఒరుగుతాయి. "నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా, ఎందుకు పోయాయి?" అని తల పట్టుకుంటారు.

ఇక్కడ రెండు పొరపాట్లు కలిశాయి. ఒకటి క్లోరిన్ నీళ్లు నేరుగా పట్టడం. రెండోది ఆ పాచి గీకేయడం. తొట్టి గోడల మీద, గులకరాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజిలో చేతికి జారుడుగా తగిలే పొర ఉంటుంది చూడండి, బ్యాక్టీరియా కాపురం అందులోనే. చేపలు విడిచే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చి చేపలకి పెద్దగా హాని లేకుండా చేసేవి ఆ బ్యాక్టీరియాలే. వాటిని తుడిచేస్తే మళ్లీ నిలదొక్కుకోవడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. ఈలోగా అమ్మోనియా రోజురోజుకీ పేరుకుంటుంది. చేపలు మొదటి రోజు కాకుండా మూడో రోజు చావడానికి కారణం ఇదే.

అందుకని, సిమెంటు పగిలి కారుతుంటే తప్ప, తొట్టిని పూర్తిగా ఖాళీ చేయడం అనే పనే పెట్టుకోవద్దు. చేపలు లోపల ఉండగానే కొద్దికొద్దిగా మార్చాలి. ఈ రాసేదంతా కోయి, గోల్డ్ ఫిష్, గప్పీలు పెంచే ఇళ్లలోని తొట్ల గురించి, 500 లీటర్ల నుంచి ఐదారు వేల లీటర్ల దాకా. కైకలూరు, భీమవరం వైపు ఎకరాల్లో ఉండే చేపల చెరువుల లెక్క వేరు.

ముందు టేపు పట్టుకోండి

తొట్టిలో ఎన్ని లీటర్లున్నాయో తెలియకుండా మందు కొలవలేం, ఉప్పు కొలవలేం, ఎంత మార్చామో కూడా చెప్పలేం. పొడవు, వెడల్పు, నీటి లోతు అడుగుల్లో కొలిచి మూడూ హెచ్చవేస్తే ఘనపుటడుగులు వస్తాయి. దాన్ని 28.3తో హెచ్చవేస్తే లీటర్లు. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల నీళ్లున్న తొట్టి అంటే 100 ఘనపుటడుగులు, సుమారు 2,830 లీటర్లు. తామర కుండీలు, రాళ్లు ఉంటే కొంచెం తగ్గించుకోవాలి.

రెండున్నర అడుగులంటే 30 అంగుళాలు. కాబట్టి పై గీత నుంచి 3 అంగుళాలు దించితే పదో వంతు, 6 అంగుళాలు దించితే ఐదో వంతు. గోడలు నిటారుగా ఉన్న తొట్టయితే లోపలి వైపు ఈ రెండు చోట్లా ఉలితో చిన్న గాటు పెట్టుకుంటే జీవితాంతం లెక్క తప్పదు. వారానికి ఒకసారి 10 నుంచి 20 శాతం మామూలు తొట్టికి సరిపోతుంది. ఒక్క దఫాలో 25 శాతం దాటొద్దు. నాలుగు వారాలు వరసగా పాతిక శాతం చొప్పున మారిస్తే తొట్టిలో మిగిలే పాత నీళ్లు 32 శాతమే, అంటే మూడింట రెండు వంతులు మారిపోయినట్టే. చేపకి మాత్రం ఆ సంగతే తెలియదు.

ఎండాకాలం చాలామంది చేసే పని ఇంకోటుంది. ఆవిరైనంత నీళ్లు పైనుంచి పోసి, నీళ్లు మార్చాం అనుకుంటారు. ఆవిరయ్యేది నీళ్లే, అందులోని ఉప్పులు, నైట్రేట్ అక్కడే ఉండిపోతాయి. ఏప్రిల్, మే రెండు నెలలూ బోరు నీళ్లతో ఇలా నింపుతూ పోతే తొట్టి నీళ్లు చిక్కబడతాయి, గోడల మీద తెల్లటి చారలు కడతాయి. తీసి పోస్తేనే మార్చినట్టు.

ఏ నీళ్లు పోస్తున్నారు?

మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. తాగునీటి ప్రమాణాల ప్రకారం ఇంటి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వానాకాలంలో, అంటురోగాల భయం ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ కలుపుతారు. మనకి మంచిదే. చేప మొప్పలకి మాత్రం లీటరుకి 0.1 మిల్లీగ్రాము కూడా మంటే. మొప్పల మీది పలచటి పొర కాలిపోయి, నీటిలో ఆక్సిజన్ ఉన్నా తీసుకోలేక ఉక్కిరిబిక్కిరవుతుంది. క్లోరిన్ ఉందో లేదో ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కల కిట్టుతో నిమిషంలో తేలిపోతుంది. గొట్టంలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు పచ్చగా తిరుగుతుంది.

దీనికి విరుగుడు హైపో. సోడియం థయోసల్ఫేట్ అని రసాయనాల దుకాణంలో పలుకులుగా దొరుకుతుంది, ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో వాడేది ఇదే. అక్వేరియం షాపులో చిన్న సీసాలో యాంటీ క్లోరిన్ అని అమ్మేదాంట్లో చాలావరకు ఉండేదీ ఇదే. పెద్ద తొట్టి ఉన్నవాళ్లు ఆ చిన్న సీసాలు కొనడం డబ్బు దండగ. గ్రాము క్లోరిన్‌కి 7 గ్రాముల పలుకులు కావాలి. వెయ్యి లీటర్ల కుళాయి నీటికి 10 గ్రాములు వేస్తే లీటరుకి 1.4 మిల్లీగ్రాముల క్లోరిన్ దాకా విరిగిపోతుంది. 100 గ్రాముల పలుకుల్ని నీళ్లలో కరిగించి మొత్తం లీటరు చేసి ముదురు రంగు సీసాలో పోసి పెట్టుకోండి. అందులో 10 మిల్లీలీటర్లంటే ఒక గ్రాము. అడుగున పసుప్పచ్చటి పొడి పేరుకుంటే ఆ సీసా పారబోసి కొత్తది కలుపుకోవాలి.

డ్రమ్ములో నీళ్లు పట్టి, హైపో కలిపి, ఓసారి తిప్పి ఐదు నిమిషాలాగి పోస్తే ఆ డ్రమ్ముకి సరిపడా చాలు. పైపుతో నేరుగా తొట్టిలోకి పట్టేటట్టయితే మాత్రం హైపోని తొట్టి మొత్తానికి లెక్కగట్టి, పైపు తిప్పకముందే వేయాలి. మన 2,830 లీటర్ల తొట్టికి 28 గ్రాములు, అంటే ఆ సీసాలోంచి 280 మిల్లీలీటర్లు. వేసిన హైపో తొట్టంతా పరుచుకుంటుంది, క్లోరిన్ మాత్రం పైపు మూతి దగ్గర చిక్కగా దిగుతుంది. కోయిలకి ఉన్న దురలవాటేమిటంటే, నీళ్లు పడే చోటికే ఎగబడి వెళ్లి నోళ్లు తెరుస్తాయి. హైపో కొంచెం ఎక్కువైనా చేపకి ఇబ్బంది లేదు, తక్కువైతేనే కష్టం.

హైపో అందుబాటులో లేకపోతే వెడల్పాటి మూతి ఉన్న డ్రమ్ములో నీళ్లు పట్టి ఒక రోజు ఎండ తగిలేలా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. మూత పెట్టిన ట్యాంకులో నిలవ ఉంచితే పోదు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకి ఒక హెచ్చరిక: అక్కడ చాలా ఊళ్లలో క్లోరిన్ బదులు క్లోరమీన్ కలుపుతారు. అది రోజంతా ఎండలో పెట్టినా పోదు. హైపోతో విరగ్గొడితే అమ్మోనియా మిగులుతుంది. అక్కడ అమ్మోనియాని కూడా పట్టే వాటర్ కండిషనరే వాడాలి.

ట్యాంకరు నీళ్లయితే క్లోరిన్ ఎంతుందో ఎవరూ చెప్పలేరు. చుక్కలు వేసి చూడండి, ముదురు పసుపు వస్తే హైపో రెట్టింపు. అపార్ట్‌మెంట్లలో మేడ మీది ట్యాంకు కడిగిన రోజు, ఆ మర్నాడు తొట్టి జోలికి పోవద్దు. ట్యాంకులో చల్లిన బ్లీచింగ్ పౌడరు పైపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. వాచ్‌మన్‌ని అడిగితే తేదీ చెబుతాడు. ఇక ఆర్వో మెషిన్ పక్కన పోయే వ్యర్థపు నీళ్లు తొట్టికి పోద్దామన్న ఆలోచన మంచిదే అనిపిస్తుంది గానీ, అందులో ఉప్పులు మరీ చిక్కగా ఉంటాయి. ఆ నీళ్లు బాత్రూమ్ కడగడానికి ఉంచండి.

బోరు నీళ్లలో క్లోరిన్ లేదు కదా, నేరుగా పట్టొచ్చు అనుకోవడం ఇంకో తప్పు. లోతు బోరులోంచి అప్పుడే వచ్చిన నీటిలో ఆక్సిజన్ చాలా తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఐదో వంతు అలాంటి నీళ్లు ఒక్కసారి తొట్టి అడుక్కి చేరితే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇంకో తిరకాసు పీహెచ్‌తో, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతతో. మోటారు వేయగానే గ్లాసులో పట్టి కొలిస్తే 7 చూపించే నీళ్లే, రాత్రంతా గాలి రాయి (ఎయిర్ పంపుకి తగిలించి బుడగలు వదిలించేది) పెట్టి ఉంచి మళ్లీ కొలిస్తే 8 దాటుతాయి. గ్యాసు పోయాక వచ్చిందే అసలు అంకె. మీ బోరుకి ఈ పరీక్ష ఒక్కసారి చేసి డైరీలో రాసిపెట్టుకోండి. బకెట్‌లో పట్టిన గంటకి నీళ్లు ఎర్రబారితే ఇనుము ఉన్నట్టు. ఆ తుప్పు రేణువులు మొప్పల్లో ఇరుక్కుంటాయి కాబట్టి గాలి పట్టించి, తేరిన తర్వాతే పోయాలి.

బోరు నీళ్లకి గాలి పట్టించడానికి ఖర్చులేని పద్ధతి చిల్లుల పైపు. అర అంగుళం పీవీసీ పైపు మూడడుగులు తీసుకుని, ఒక చివర ఎండ్ క్యాప్ బిగించండి. రెండు అంగుళాలకొకటి చొప్పున 2 మిల్లీమీటర్ల చిల్లులు వేసి, రెండో చివర నీళ్ల పైపు తగిలించండి. నీటి మట్టానికి అడుగు పైన గోడకి క్లిప్పులతో కట్టేస్తే సన్నటి ధారలుగా పడి, పడే దారిలోనే చెడ్డ గ్యాసు వదిలి గాలి పట్టుకుంటాయి. మోటారు గాలి పీలుస్తూ బుసబుసమని నురగ నీళ్లు కొడుతుంటే మాత్రం ఆ రోజు ఆపేయండి. పైపులో ఒత్తిడికి గాలి అతిగా కరిగి, చేపల రెక్కల్లో, కళ్ల చుట్టూ బుడగలు కడతాయి.

ఎప్పుడు, ఎలా

మంచి సమయం ఉదయం ఏడు నుంచి తొమ్మిది. తెల్లవారుజామున తొట్టిలో ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి. చెరువుల దగ్గర రైతులు తెల్లారకముందే గట్టు మీదికెళ్లి చేపలు తేలాయేమో చూసేది ఇందుకే. మధ్యాహ్నం అయితే పచ్చటి నీళ్ల పీహెచ్ 9 దాకా ఎక్కుతుంది, మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లు కాగుతుంటాయి. మేలో ఆ నీళ్లు 40 డిగ్రీలున్నాయనుకోండి, తొట్టి 28. ఐదో వంతు మారిస్తే కలిశాక వచ్చేది 30.4. సగటు చూస్తే పర్వాలేదు, కానీ పైపు మూతి దగ్గరున్న చేపకి తగిలేది 40 డిగ్రీల ధారే. అంతకంటే ముందు, ఎండలో చుట్టి పడేసిన పైపులో నిలిచిన నీళ్లు ఇంకా వేడి. మొదటి బకెట్టు నీళ్లు మొక్కలకి వదిలి, ధార కింద చెయ్యి పెట్టి చూసి, అప్పుడు తొట్టిలోకి మళ్లించండి. థర్మామీటరు ఉంటే కొత్త నీళ్లకీ పాతవాటికీ తేడా రెండు మూడు డిగ్రీలు దాటకుండా చూసుకోండి. ఆక్సిజన్ సంగతి కూడా గుర్తుండాలి: 25 డిగ్రీల నీళ్లు లీటరుకి 8.3 మిల్లీగ్రాములు పట్టుకోగలిగితే 35 డిగ్రీల నీళ్లు 7 కూడా పట్టుకోలేవు.

నీళ్లు తీసేటప్పుడు పై నీళ్లు తోడొద్దు, అడుగు నీళ్లు లాగాలి. మడ్డి ఉండేది అక్కడే. అంగుళం పైపు నిండా నీళ్లు నింపి, రెండు చివరలూ బొటనవేళ్లతో మూసి, ఒక చివర తొట్టి అడుక్కి, ఇంకో చివర పల్లంలో మొక్కల పాదులోకి వదిలితే దానంతటదే లాగుతుంది. లోపలి చివరకి దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండ్ చుట్టండి, లేకపోతే గప్పీ పిల్లలు కరివేపాకు చెట్టు కింద తేలతాయి. పైపు మూతిని మడ్డి మీద తాకీ తాకనట్టు మెల్లగా నడపాలి. కెలికితే నల్లటి మడ్డి లేచి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, కొంచెమున్నా చేపకి విషమే. చాలా నెలలుగా తీయని మడ్డి అయితే ఈ వారం ఒక మూల, వచ్చే వారం ఇంకో మూల.

నీటిలో చెయ్యి పెట్టేముందు పంపు ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. మట్టం తగ్గి పంపు గాలిలోకి తేలితే మోటారు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. ఎయిర్ పంపు మాత్రం నడవనివ్వాలి, అది ఒడ్డున నీటి మట్టం కంటే ఎత్తులో ఉండేది కాబట్టి. తీసిన నీళ్లు జామకీ మందారకీ మంచి ఎరువు, ఇటీవల ఉప్పు వేయని తొట్టయితేనే.

మెల్లగా నింపండి. ఆరు అంగుళాలు దించిన తొట్టి గంటా గంటన్నరలో నిండేలా వాల్వు తిప్పుకుంటే సరిపోతుంది. కొత్త నీళ్లు తగలగానే కోయిలు ఉత్సాహంతో ఎగురుతాయి, ఆ రోజు రాత్రి తొట్టి మీద వల కప్పండి. తెల్లారి చూస్తే నేల మీద ఎండిపోయి ఉండేవి ఇలా దూకినవే.

నీళ్లు మార్చిన రోజే ఫిల్టర్ కూడా కడగొద్దు. రెంటికీ మధ్య మూడు నాలుగు రోజుల ఎడం ఉండాలి. కడిగేటప్పుడు తొట్టిలోంచి తీసిన పాత నీళ్లు బకెట్లో పోసి, స్పాంజిని అందులో రెండు మూడుసార్లు పిండితే చాలు, తెల్లగా రావక్కర్లేదు. కుళాయి కింద పెడితే క్లోరిన్ ఆ బ్యాక్టీరియాని చంపేస్తుంది. మూసి ఉండే డబ్బా ఫిల్టరయితే, కరెంటు గంటల తరబడి పోయి వచ్చాక లోపలి నీళ్లు పారబోసి అప్పుడు ఆన్ చేయండి, ఆ నిలవ నీళ్లు కుళ్లిపోయి ఉంటాయి.

పాత తొట్టి, కొత్త నీళ్లు

నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టికి ఒక్కసారిగా ఎక్కువ మార్చడం ఎందుకు ప్రమాదమో లెక్కతో చూద్దాం. అలాంటి తొట్టిలో క్షారగుణం అరిగిపోయి పీహెచ్ దిగిపోతుంది, అమ్మోనియా పేరుకుని ఉంటుంది. నీళ్లు 30 డిగ్రీలు, మొత్తం అమ్మోనియా లీటరుకి 2 మిల్లీగ్రాములు అనుకుందాం. పీహెచ్ 7 దగ్గర అందులో విషరూపంలో ఉండేది ఒక శాతం కూడా కాదు, 0.016 మిల్లీగ్రాము. చేపలు ఓర్చుకుంటాయి. అందులో బోరు నీళ్లు పోసి పీహెచ్ 8కి తెచ్చారనుకోండి. అదే అమ్మోనియాలో ఏడున్నర శాతం విషరూపానికి మారుతుంది. నీళ్లు మార్చడం వల్ల మొత్తం పాతిక శాతం తగ్గినా 0.11 మిల్లీగ్రాము తేలుతుంది. ముందున్నదానికి ఏడు రెట్లు. మొప్పలు దెబ్బతినడానికి 0.05 చాలు.

అందువల్ల అలాంటి తొట్టికి మొదట రెండు రోజులు మేత ఆపండి. ఆ తర్వాత రోజు విడిచి రోజు పదో వంతు చొప్పున రెండు వారాలు మార్చి, పీహెచ్, అమ్మోనియా చుక్కల పరీక్ష చేసుకుంటూ వెళ్లాలి. తొందరపడితే బాగుచేయబోయి చంపినట్టవుతుంది.

పెద్ద వాన కూడా నీళ్లు మార్చడమే, మనం అడక్కుండా. వాన నీళ్లలో క్షారగుణం ఉండదు కాబట్టి పీహెచ్ దిగుతుంది. డాబా మీది మొదటి వాన నీళ్లు పావురాల రెట్టతో సహా తొట్టిలోకి రాకుండా పైపు పక్కకి తిప్పి ఉంచాలి.

పైపు పెట్టి మర్చిపోవడం

తొట్టి నిండుతుండగా ఫోను మోగుతుంది, పాలు పొంగుతాయి, పైపు సంగతి గుర్తుండదు. రెండు గంటల తర్వాత చూస్తే తొట్టి పొర్లి, వేసిన హైపో లెక్క దాటి కుళాయి నీళ్లు చేరిపోయి ఉంటాయి. ఇలా పోయే చేపలు రోగాలతో పోయేవాటికంటే తక్కువేం కాదని నా అంచనా. ఫోనులో అలారం పెట్టుకోవడం కనీస జాగ్రత్త. పైపు చివర ఫ్లోట్ వాల్వు బిగిస్తే ఇంకా నయం, మట్టం రాగానే మూసుకుంటుంది.

తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకి చుక్కల పద్ధతి నప్పుతుంది. తొట్టికి పైగీత దగ్గర ఓవర్‌ఫ్లో పైపు, ఇంకో వైపు సన్నటి వాల్వు. గంటకి 5 లీటర్లు పడేలా తిప్పండి, అంటే 100 మిల్లీలీటర్ల కొలత గిన్నె 72 సెకన్లలో నిండాలి. రోజుకి 120 లీటర్లు, మన 2,830 లీటర్ల తొట్టికి వారంలో 30 శాతం దగ్గర మారుతుంది. ఇంత సన్నటి ధారలో క్లోరిన్ తొట్టి నీటిలో కలవగానే విరిగిపోతుంది. వాల్వులో సున్నం పేరుకుని ధార తగ్గిపోతుంటుంది, వారానికోసారి గిన్నె పెట్టి కొలవండి.

చేపలు తేలితే

నింపుతుండగానే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచినా, గోడలకి ఒళ్లు రుద్దుకున్నా, రెక్కల్లో ఎర్రటి గీతలు కనిపించినా ముందు కుళాయి కట్టేయండి. వెంటనే తొట్టి మొత్తానికి హైపో, వెయ్యి లీటర్లకి 20 గ్రాముల లెక్కన కరిగించి నాలుగు వైపులా పోయండి. ఉన్న ఎయిర్ పంపులన్నీ పెట్టండి. కరెంటు లేకపోతే చెంబుతో తొట్టి నీళ్లే తోడి ఎత్తునుంచి పోస్తూ ఉండండి, అరగంట ఆగకుండా. చేపల్ని పట్టి వేరే బకెట్లో వేయొద్దు, అసలే కాలిన మొప్పలు, పైగా వలలో జిగురు పొర కూడా ఊడిపోతుంది.

తేరుకున్నాక వెయ్యి లీటర్లకి కేజీ చొప్పున కళ్లుప్పు, అంటే మన తొట్టికి 2.8 కేజీలు, బకెట్లో కరిగించి మూడు దఫాలుగా నాలుగైదు గంటల్లో పోయండి, తామర కుండీల మీద పడకుండా. 24 గంటలు మేత వద్దు. రెండో రోజు, మూడో రోజు, నాలుగో రోజు ఉదయం అమ్మోనియా పరీక్ష చేయండి. అంకె ఎక్కుతుంటే పీహెచ్ కూడా చూసుకుని పదో వంతు మార్చి, మేత ఇంకో రెండు రోజులు ఆపండి.